తక్కాళి పండు: చరిత్రము, గుణదోష విచారము

కృష్ణగిరి జిల్లా ఊత్తంగరై తాలూకాలోని కల్లావి గ్రామమునందును, హోసూరు మొదలుకొని ఆ ప్రాంతము వఱకు గల పల్లెలయందును నివసించు తెలుగు కుటుంబములకు తక్కాళి పండు నిత్యావసర వస్తువు. పప్పునందు, చారునందు, పచ్చడియందు అది లేని పూట అరుదు. అయినను పితృకార్యము జరుగు దినమున పెక్కు సంప్రదాయ కుటుంబముల వంటయింటిలోనికి ఈ పండు రాదు. ఆనాడు మిరపకు బదులు మిరియములు వాడుదురు. ఆలుగడ్డను విడిచి కందను, చేమను వండుదురు. పూరీ క్షేత్రమున జగన్నాథస్వామి నైవేద్యమునకు సైతము తక్కాళి, ఆలుగడ్డ నిషిద్ధములు.

దీనికి కారణము ఆ కాయలయందు దోష ముండుట కాదు. అవి ఈ దేశమునకు క్రొత్తవగుటయే కారణము. ఆచారము లేర్పడిన కాలమున ఆ వస్తువులు లేవు. లేని వస్తువును ఆచారము స్వీకరింపజాలదు. కావున శ్రాద్ధపు వంట యొక విధముగ చరిత్రమునకు సాక్ష్యము. క్రొత్త వస్తువులు రాకపూర్వము ఈ దేశపు వంటయిల్లెట్లుండెనో అది నేటికిని జూపుచున్నది. ఆ సాక్ష్యమును బట్టి తక్కాళి యెచ్చటినుండి వచ్చినది, ఎట్లు మనదైనది, దాని గుణము లెట్టివి, దానిని పండించు రైతు స్థితి యేమి అను విషయములు విచారింపదగియున్నవి.

పుట్టినిల్లు

తక్కాళికి జన్మస్థానము దక్షిణ అమెరికా ఖండపు పడమటి భాగము. నేటి పెరూ, ఈక్వడార్ దేశములలో ఆండీస్ పర్వతముల చెంత దాని అడవిజాతులు నేటికిని గలవు. వానిలో నొకదాని పండు రేగుపండుకంటె చిన్నది. అట్టి చిన్న పండును పెద్దదిగా జేసి తోటపంటగా మార్చిన కీర్తి మెక్సికో ప్రాంతపు ప్రాచీన ప్రజలకు జెందును. వారి నవాత్ల్ భాషయందలి ‘తొమాత్ల్’ అను మాటయే స్పెయిన్ వారి నోట ‘తొమాతె’యై, ఆంగ్లమున ‘టొమేటో’యై, తుదకు తెలుగున ‘టమాటా’ యైనది.

1521వ సంవత్సరమున స్పెయిన్ సేనాని కోర్తెస్ అజ్తెక్ రాజధానిని వశపఱచుకొనెను. ఆ శతాబ్దముననే సహగూన్ అను క్రైస్తవ సన్యాసి ఆ దేశపు అంగళ్లను వర్ణించుచు, పలు రంగుల తక్కాళి పండ్లను, మిరపకాయలతో గలిపి చేసిన పులుసులను పేర్కొనెను. తక్కాళి, మిరప అను జంట తెలుగువాని పచ్చడియందు గలియుటకు మున్నే మెక్సికో వంటలయందు గలసియుండె నన్నమాట.

ఐరోపాలో అనుమానము

ఐరోపా ఖండమున తక్కాళి ప్రస్తావన 1544లో ఇటలీ వైద్యుడు మత్తియోలి రచించిన గ్రంథమున మొదట కానవచ్చుచున్నది. పిమ్మట 1554 నాటి ప్రతియందు ఆయన దీనికి ‘బంగారు పండు’ అని యర్థము వచ్చు పేరు నుదహరించెను. ఇటలీ భాషయందు నేటికిని అదియే దాని పేరు. కాని పేరు బంగారమైనను గౌరవ మంత త్వరగా లభింపలేదు. 1597లో ఇంగ్లండునందు మూలికాగ్రంథమును వ్రాసిన జెరార్డు ఈ మొక్కను దుర్గంధము గలదిగా నిందించెను. ఉమ్మెత్త, బెల్లడోనా మొదలగు విషపుమొక్కలు గల కుటుంబమునకే తక్కాళి చెందుటచే నీ యనుమానము బలపడెను. ఆ భయమునకు కొంత యాధారమును గలదు. తక్కాళి ఆకులయందు, కాండమునందు, పచ్చికాయయందు ‘టొమాటిన్’ అను క్షారపదార్థము గలదు. పండు పక్వమగుకొలది అది మిక్కిలి స్వల్పమగును.

17వ శతాబ్దము చివర, 1692లో ప్రకటనమునకు మొదలిడిన లాటిని అను ఇటలీ పాకశాస్త్రజ్ఞుని గ్రంథమున స్పెయిన్ రీతి తక్కాళి రసము చేయు విధము గలదు. అప్పటికి ఈ పండు ఐరోపాలో అడుగిడి నూటయేబది సంవత్సరములు దాటెను. ఒక క్రొత్త వస్తువును నాలుక నమ్ముటకు ఎన్ని తరములు పట్టునో దీనివలన దెలియును.

శాస్త్రజ్ఞులు పెట్టిన పేరునందును ఈ యనుమానపు జాడ గలదు. 1753లో లిన్నేయస్ దీనిని వంకాయ, ఆలుగడ్డలతో జేర్చి ‘సొలానమ్ లైకోపెర్సికమ్’ అనెను. 1768లో మిల్లరు దీనిని వేఱుచేసి ‘లైకోపెర్సికాన్ ఎస్కులెంటమ్’ అని వ్యవహరించెను. మొదటి మాటకు ‘తోడేలు పీచ్ పండు’ అనియు, రెండవదానికి ‘తినదగినది’ అనియు నర్థము. భయము, ఆస్వాదము రెండును ఒక్క పేరునందే యిమిడియున్నవి. జన్యుపరిశోధనల ఫలితముగా నేటి శాస్త్రజ్ఞులు మరల లిన్నేయస్ పెట్టిన పేరునే అంగీకరించిరి. తక్కాళి వంకాయకు చుట్టమే యని తేలినది.

ఒక కట్టుకథ, ఒక తీర్పు

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని న్యూజెర్సీ రాష్ట్రమున సేలం అను పట్టణము గలదు. 1820లో అచ్చటి న్యాయస్థానపు మెట్లపై జాన్సన్ అను నాతడు జనసమూహము జూచుచుండగా తక్కాళి పండ్లను దిని, అవి విషములు కావని నిరూపించెనని యొక కథ ప్రచారమున నున్నది. సేలం జిల్లాలో పలుకాలము చేరియుండిన కల్లావి వారికి ఆ యూరి పేరు వింతగా దోచవచ్చును. కాని ఆ కథకు సమకాలీన సాక్ష్యము లేదు; అది పిదప కాలమున పెరిగిన కల్పన. వాస్తవమున రాష్ట్రపతిగా నుండిన థామస్ జెఫర్సన్ 1809 నాటికే తన తోటలో తక్కాళిని నాటించుచుండెను.

ఇక తీర్పు విషయము నిజము. 1883 నాటి అమెరికా సుంకముల చట్టము ప్రకారము దిగుమతియగు కూరగాయలపై సుంకము గలదు, పండ్లపై లేదు. తక్కాళి పండేయని వాదించి నిక్స్ అను వర్తక కుటుంబమువారు సుంకము తిరిగి యిమ్మని కోరిరి. 1893లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, వృక్షశాస్త్రము ననుసరించి ఇది పండే యైనను, ప్రజలు దీనిని భోజనమున కూరగా వాడుదురే కాని భోజనానంతరము ఫలముగా దినరు కావున వ్యవహారమున కూరగాయ యని తీర్పుచెప్పెను. తెలుగు గృహిణి మాత్రము ఈ వాదమున కెన్నడో సమాధానము చెప్పియున్నది. పచ్చిది ‘టమాటాకాయ’, ఎఱ్ఱనిది ‘టమాటాపండు’, రెండును పచ్చడికే.

నామవిచారము

క్రొత్త వస్తువు వచ్చినపుడు ప్రజలు దానికి పేరు పెట్టు విధము గమనింపదగినది. తెలుగున తక్కాళికి ‘రామములగ’ అను పేరు గలదు. తెలంగాణపు పల్లెలలో ‘రామములక్కాయ’ అను రూపము నేటికిని వాడుకయందున్నది. ‘ములక’ అనునది దేశీయమైన ముండ్లమొక్కకు బేరు. ‘నేలములక’ మూలికగా ప్రసిద్ధము. అదియు వంకాయ కుటుంబమునకే చెందినది. శాస్త్రజ్ఞుల వర్గీకరణ నెఱుగని పల్లెవాసులు ఆకును, పువ్వును, కాయను జూచియే ఈ క్రొత్తమొక్క ములకకు బంధువని గుర్తించి, దానిముందు ‘రామ’ శబ్దము నుంచిరి. వారి చూపు లిన్నేయస్ చూపునకు దీసిపోలేదు.

ఈ రామనామమును సామాన్యముగా నెంచరాదు. సీతాఫలము, రామాఫలము రెండును అమెరికానుండి వచ్చిన జాతులే. విదేశమునుండి వచ్చిన ఫలములకు సీతారాముల పేర్లు పెట్టి, తెలుగువారు వానిని ఇంటివారిగా జేసికొనిరి. సీమచింత, సీమవంకాయ వంటి మాటలలో వస్తువు పరాయిదన్న గుర్తు నిలిచియున్నది. రామములగయందు అది కరగిపోయినది.

కృష్ణగిరి, హోసూరు ప్రాంతపు తెలుగువారు మాత్రము ‘తక్కాళి’ యనియే యందురు. ఇది తమిళపు మాట. తమిళమున ఈ శబ్దము మొదట చిన్నపండ్ల దేశీయ మొక్కలకు జెల్లెడిది. ‘మణత్తక్కాళి’ అను సమాసము దానికి సాక్షి. తెలుగున కామంచి యనబడు మొక్కయే మణత్తక్కాళి. అమెరికా పండు వచ్చిన పిదప ‘సీమత్తక్కాళి’ అను పేరేర్పడి, వాడుక పెరుగగా ‘సీమ’ జారిపోయి, ‘తక్కాళి’ యన్నంతనే పెద్దపండే స్ఫురించు స్థితి వచ్చినది. కాబట్టి కల్లావి తెలుగువాడు పలుకు ఈ యొక్క మాటయందు మూడు దేశముల చరిత్ర గలదు. వస్తువు అమెరికాది, శబ్దము తమిళముది, దానికి చేర్చు విభక్తి తెలుగుది. ‘తక్కాళికి ధర లేదు’ అను వాక్యము స్వచ్ఛమైన తెలుగు వాక్యమే.

భారతదేశ ప్రవేశము, బారామహల్ సీమ

పోర్చుగీసువారి నౌకావ్యాపారముతో అమెరికా పంటలు భారతదేశపు తీరములకు జేరినవి. మిరప త్వరితముగ దేశమంతట వ్యాపించెను; తక్కాళి మాత్రము చిరకాలము వెనుకబడెను. కారణము స్పష్టము. కారమునకు మిరియములు ఖరీదైనవి. మిరప పెరటిలో బండును. పులుపునకు మాత్రము చింతచెట్టు ప్రతి యూరనున్నది. ఒక్కసారి కొట్టి నిలువజేసిన చింతపండు సంవత్సరమంతయు వచ్చును. తక్కాళి వారము నిలువదు. చింత యున్నచోట తక్కాళికి అవసరము కలుగలేదు.

1889 మొదలు 1893 వఱకు ప్రకటింపబడిన ‘భారతదేశ ఆర్థికోత్పత్తుల నిఘంటువు’న జార్జి వాట్ తక్కాళిని గూర్చి వ్రాయుచు, అది ముఖ్యముగా ఐరోపీయుల కొఱకే సాగగుచున్నదనియు, దేశీయులు ఇప్పుడిప్పుడే దాని రుచి నెఱుగుచున్నారనియు దెలిపెను. అనగా నేడు లేనిదే పొయ్యి వెలుగని ఈ పండు దేశీయుల వంటయింట స్థిరపడి నూఱు సంవత్సరములకు మించి యెంతో కాలము గాలేదు.

కల్లావి యున్న ప్రాంతమునకు పూర్వనామము బారామహల్. హోసూరు పీఠభూమిని బాలాఘాట్ అనెడివారు. 16వ శతాబ్దము చివర పెనుగొండను రక్షించిన జగదేవరాయనికి విజయనగర ప్రభువులు బారామహల్ నిచ్చిరి. కృష్ణగిరి చెంతనున్న జగదేవి గ్రామము నేటికిని ఆయన పేరు ధరించుచున్నది. విజయనగర కాలపు ఈ రాకపోకలు తెలుగుభాష ఈ సీమలో వేరూనుటకు దోడ్పడినవి. 1792లో శ్రీరంగపట్టణపు సంధిచే బారామహల్ ఆంగ్లేయ కంపెనీకి వశమయ్యెను. కెప్టెన్ రీడ్, ఆయనకు సహాయకుడుగా నుండిన థామస్ మన్రో ఇచ్చటనే రైతుతో నేరుగా పన్ను నిర్ణయించు పద్ధతికి పునాది వేసిరి. పిదప దత్తమండలములలో తెలుగు రైతులకు సుపరిచితుడైన మన్రో పని నేర్చుకొన్న పాఠశాల ఈ సీమయే.

అప్పటి మెట్టచేలలో రాగి, ఉలవ, ఆముదము వంటి నిలువయుండు పంటలే ప్రధానములు. తక్కాళివంటి త్వరగా చెడిపోవు పంటకు దగ్గఱలో పెద్ద పట్టణము, వేగముగల రవాణా కావలెను. 1809లో బెంగుళూరు దండు ఏర్పడుటయు, తరువాత రైలు, రాజమార్గములు వచ్చుటయు ఆ లోటును దీర్చినవి. హోసూరు బెంగుళూరునకు నలువది కిలోమీటర్ల దూరముననే యున్నది. అదియుగాక రాత్రులు మిక్కిలి వేడిగా నుండుచోట తక్కాళి పువ్వు రాలి పిందె కట్టదు. సముద్రమట్టమునకు సుమారు మూడువేల అడుగుల ఎత్తుననున్న హోసూరు పీఠభూమి చల్లదనము ఈ పంటకు అనుకూలము. చిత్తూరు సీమలోని మదనపల్లె, కర్ణాటకములోని కోలారు, తమిళనాడులోని కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలు దక్షిణదేశపు తక్కాళికి నిలయములగుటకు ఇదియొక ముఖ్యకారణము. రాష్ట్రములు మూడైనను నేల యొక్కటే, పంట యొక్కటే. మూడుచోట్లను తెలుగు వినబడును. కల్లావి సేలం జిల్లానుండి 1965లో ధర్మపురి జిల్లాకు, 2004లో కృష్ణగిరి జిల్లాకు మారినది. జిల్లాలు మారినను చేలు మారలేదు.

ఆరోగ్యగుణములు

తక్కాళిని గూర్చి మితిమీఱిన పొగడ్తయు, ఆధారములేని భయమును రెండును లోకమున గలవు. నూఱు గ్రాముల పచ్చి తక్కాళి పండునందు సుమారు తొంబదియైదు పాళ్లు నీరే. శక్తి పదునెనిమిది కేలరీల ప్రాంతము. విటమిన్ ‘సి’ సుమారు 14 మిల్లీగ్రాములు, పొటాషియము సుమారు 240 మిల్లీగ్రాములు గలవు. అల్పశక్తితో ఆకలిని దీర్చి, రక్తపుపోటును అదుపున నుంచుటకు సహాయపడు పొటాషియము నొసగుట దీని మొదటి గుణము.

పండునకు ఎఱుపు నిచ్చునది ‘లైకోపీన్’ అను వర్ణద్రవ్యము. ఇది క్యారట్టునకు రంగునిచ్చు బీటాకెరోటిన్‌కు జ్ఞాతి. కాని దానివలె శరీరమున విటమిన్ ‘ఎ’గా మారదు. తక్కాళి దినినచో కంటిచూపు బాగగునని చెప్పుట లైకోపీన్ విషయమున సరికాదు. పండునందు గల కొద్దిపాటి బీటాకెరోటిన్‌కే అది వర్తించును. లైకోపీన్ శరీరకణములకు హానిచేయు కొన్ని చర్యల నడ్డగింపగలదు. పచ్చిపండుకంటె ఉడికించిన పండునుండియు, నూనెతో గలిసినపుడును అది శరీరమునకు ఎక్కువగా జేరునని పరిశోధనలు నిరూపించినవి. నూనెలో మగ్గించి పోపుపెట్టిన తక్కాళి పచ్చడి శాస్త్రమున కనుగుణమైన వంటయని దీనివలన దేలుచున్నది. అయితే ఉడికించుటచే విటమిన్ ‘సి’ కొంత నశించును. కావున కొంత పచ్చిదిగాను కొంత వండియు దినుట మేలు.

1995లో అమెరికాలో జియోవనూచి మొదలగువారు నలువదియేడు వేలకు పైబడిన పురుషుల ఆహారమును పరిశీలించి, తక్కాళి వంటకములను దఱచుగా దినువారియందు ప్రోస్టేట్ గ్రంథి కాన్సరు తక్కువగా గన్పట్టెనని ప్రకటించిరి. ఆ వార్త లోకమంతట వ్యాపించెను. కాని 2005లో ఆ దేశపు ఆహారౌషధ పాలనాసంస్థ సాక్ష్యముల నన్నిటిని పరిశీలించి, వానికి గల బలము మిక్కిలి పరిమితమని నిర్ణయించెను. తక్కాళి మంచి ఆహారము, మందు కాదు. కాన్సరును మాన్పునని చెప్పి చికిత్సను మానిపించువారి మాట ప్రాణాపాయము.

తక్కాళి గింజలవలన మూత్రపిండములలో రాళ్లు పుట్టునను భయమును జనులయందు గలదు. సామాన్యముగా నేర్పడు రాళ్లకు కారణమగు ఆక్సలేటు తక్కాళియందు స్వల్పము. పాలకూరయందున్నదానితో బోల్చిన లెక్కింపదగినది కాదు. కాని మూత్రపిండములు చెడి, పొటాషియమును విసర్జింపలేని రోగులు వైద్యుని సలహాలేక దీనిని విరివిగా దినరాదు. గుండెమంట, పులిత్రేన్పులతో బాధపడువారికి దీని పులుపు ఆ బాధను హెచ్చింపవచ్చును. రక్తపుపోటు గలవారికి నిలువపచ్చడిలోని ఉప్పు తక్కాళి చేయు మేలును హరించును.

కూనూరున 1918లో చిన్న పరిశోధనశాలగా బుట్టి, 1958లో హైదరాబాదునకు మారిన సంస్థయే నేటి జాతీయ పోషకాహారసంస్థ. అది 2017లో ప్రకటించిన భారతీయ ఆహారపదార్థముల పట్టికలలో ఐదువందలకు పైబడిన ఆహారముల వివరములు గలవు. పుకార్లకంటె అట్టి పట్టికలు విశ్వసనీయములు.

రైతు స్థితి

ప్రపంచమున తక్కాళి పండించు దేశములలో చీనా మొదటిది, భారతదేశము రెండవది. మన దేశపు సాలుసరి పంట సుమారు రెండుకోట్ల టన్నులు. పరిశోధనయందును భారతదేశమునకు భాగము గలదు. 2012లో తక్కాళి జన్యుపటమును బలుదేశముల శాస్త్రజ్ఞులు గలిసి ప్రకటించినపుడు, పండ్రెండు క్రోమోజోములలో ఐదవదానిని విప్పిచెప్పిన బాధ్యత భారతీయులదే. 1967లో స్థాపింపబడిన బెంగుళూరు ఉద్యానపరిశోధన సంస్థ ‘అర్క వికాస్’, మూడు తెగుళ్లను దట్టుకొను ‘అర్క రక్షక్’ మొదలగు వంగడముల నొసగెను.

పంట వచ్చిన కొన్ని శతాబ్దములకు దాని శత్రువును వెంటవచ్చినది. ఆకును, కాయను దొలుచు ‘టూటా’ అను దక్షిణ అమెరికా పురుగు 2014లో ఈ దేశమున మొదటిసారి కనబడెను. పుట్టినింటి పురుగు మెట్టినింటికి వచ్చినట్లయినది.

అయినను పురుగుకంటె, తెగులుకంటె రైతును ఎక్కువగా గూల్చునది ధర. 2023 జూలైలో దేశమందు పెక్కుచోట్ల కిలో తక్కాళి నూఱు రూపాయలు మించెను. మఱికొన్ని సమయములలో కోతకూలి సైతము రాక, రాయకోట, పాలకోడు, మదనపల్లె అంగళ్లకు దెచ్చిన పండ్లను రైతులు రోడ్డుప్రక్కన బాఱబోసి పోవలసివచ్చుచున్నది. దీనికి మూలము పంట స్వభావముననే యున్నది. నారు పోసినది మొదలు తొలికోతకు సుమారు మూడుమాసములు పట్టును. ధర హెచ్చుగా నున్న దినమున అందఱును నాటుదురు. మూడుమాసముల పిదప అందఱి పంటయు నొక్కసారి అంగడి జేరును. నాటుటకు బురికొల్పిన ధర అమ్మునాటికి ఉండదు. వడ్లవలె గాదెలో బోసి ఆగుటకు వీలులేదు. రైతు తెలివితక్కువవాడు కాడు. అతని చేతిలో కాలము లేదు.

దీనికి మార్గములు లేకపోలేదు. 2018–19 కేంద్ర ఆయవ్యయపత్రమున తక్కాళి, ఉల్లి, ఆలుగడ్డల కొఱకు ఐదువందల కోట్ల రూపాయలతో ఒక పథకము ప్రకటింపబడెను. కృష్ణగిరి మామిడికి ప్రసిద్ధి. మామిడిగుజ్జు తీయు కర్మాగారము లిచ్చట పెక్కు గలవు. అవి మామిడికాలము మూడునాలుగు మాసములే ముమ్మరముగా నడచును. తక్కిన కాలమున తక్కాళిగుజ్జు తీయుటకు అట్టి సాధనములు ఉపయోగింపవచ్చును. అయితే బజారునకు బండించు రసము మెండైన రకములలో గుజ్జు తక్కువ. కర్మాగారమునకు గట్టిగుజ్జు రకములు వేఱుగ నాటవలెను. పైరు వేయుటకు ముందే కొనుగోలుదారుతో ఒడంబడిక యున్నగాని చిన్నరైతు అట్టి రకమును నాటుటకు సాహసింపడు. పల్లె యిండ్లలో ముక్కలు కోసి ఉప్పుబెట్టి ఊరవైచి, పిండి, ఎండబెట్టి నిలువజేయు పద్ధతి గలదు. ఎండకాలపు చౌకపంటను వానకాలపు వంటకు మిగుల్చు ఆ నేర్పును స్త్రీల సహకారసంఘములు పెద్దయెత్తున జేపట్టిన, బాఱబోయు పండులో కొంతయైనను ధనమగును.

ముగింపు

ఆండీస్ కొండల అడవిపండు మెక్సికోలో పెరిగి, ఐరోపాలో నిందలు భరించి, సముద్రములు దాటి, బారామహల్ చేలలో బ్రతుకుదెఱువైనది. వచ్చినపుడు దానికి ఈ నేలపై పేరుగాని, ఆచారమున చోటుగాని లేవు. ఒకచోట రాముని పేర, ఒకచోట తమిళపు పేర తెలుగువారు దానిని బిలిచి తమ పొయ్యిమీదికి దెచ్చుకొనిరి. పితృకార్యమున నేటికిని దానికి బ్రవేశము లేదు. నిత్యభోజనమున అది లేక జరుగదు. పరభాషల నడుమ తరతరములుగా బ్రతుకుచు, ఇరుగుపొరుగువారి మాటలను గ్రహించియు తమ మాటను విడువని కృష్ణగిరి తెలుగువారికి ఈ పండు కథ క్రొత్తది కాదు. ఆ మాటలాడు రైతు మరల తక్కాళి నాటుటకు ధైర్యము చేయగలుగునట్లు ధర నిలుపుటయే ఇక మిగిలియున్న కర్తవ్యము. పండు విలువను వైద్యుడు చెప్పగలడు; పండించినవాని విలువను అంగడి చెప్పవలసియున్నది.